పెట్టడం, తినడం: ఆటిజం రాతల్లో తల్లి

పోయినేడు వేసవిలో మా అబ్బాయి నడవడం మానేశాడు. అప్పటికి వాడికి ఆరేళ్లు నిండాయి. మొదట రెండు మూడు రోజులు కుంటాడు. తర్వాత నేల మీద కాలు మోపనివ్వలేదు. మోకాళ్లు రెండూ పక్కలకి మడుచుకుని వెల్లకిలా పడుకుని, ఎవరు తాకబోయినా కెవ్వుమనేవాడు. వాడికి ఆటిజం. మాటలు చాలా తక్కువ. ‘నొప్పి’ అనే మాట వాడి దగ్గర లేదు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి ఎక్కడా విరగలేదన్నారు. నరాల డాక్టరు ఇది ప్రవర్తనకు సంబంధించింది కావచ్చన్నారు. ‘ఈ పిల్లలు ఇలాగే చేస్తుంటారమ్మా’ అన్నారు. మూడు వారాలు వాణ్ణి చంకనేసుకుని ఆసుపత్రులు తిరిగాం, నేనూ నా సహచరుడూ.

ఆ మూడు వారాల్లో ప్రతి గదిలోనూ నన్నొక ప్రశ్న అడిగారు. ‘ఏం పెడుతున్నారమ్మా పిల్లాడికి?’ నా పక్కనే నిలబడ్డ తండ్రిని ఎవరూ అడగలేదు. నేను గడగడా చెప్పేదాన్ని. ఇడ్లీ, పప్పన్నం, ఆకుకూర, గుడ్డు, జామకాయ, అరటిపండు. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ పెడుతున్నాను. రోజూ పెడుతున్నాను.

నాలుగో వారంలో ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి, ఇంకా పీజీ చదువుతున్న పిల్ల, వాడు ఏడుస్తున్నప్పుడు నోట్లోకి చూసింది. చిగుళ్లు వాచి, నల్లగా కమిలి ఉన్నాయి. పళ్లు తోమనివ్వడు కాబట్టి చిగుళ్లు పాడయ్యాయని మేమనుకున్నాం. ఆ అమ్మాయి అడిగింది. ‘వీడేం తింటాడండీ?’

నా దగ్గర చదవడానికి జాబితా లేకుండా పోయింది. చట్నీ లేని తెల్ల ఇడ్లీ. వట్టి అన్నం. అంతే.

అది విటమిన్ సి లోపమని రక్తపరీక్షలో తేలింది. స్కర్వీ. చిన్నప్పుడు సామాన్యశాస్త్రం పరీక్షలో ‘జతపరచండి’ కింద గీత గీసి అర మార్కు తెచ్చుకున్న జబ్బు. తాజా కాయా పండూ లేకుండా నెలల తరబడి సముద్రం మీద తిరిగిన ఓడ కళాసీలకు వచ్చేదని చదువుకున్న జబ్బు. అది హైదరాబాదులో, సందు చివర బత్తాయిల బండి ఉన్న ఇంట్లో, తల్లి సాహిత్యంలో డాక్టరేట్ చేసిన ఇంట్లో వచ్చింది. విటమిన్ మొదలుపెట్టిన మూడో రోజుకి వాడి ఏడుపు తగ్గింది. మూడో వారానికి నడిచాడు.

ఈ వ్యాసం ఆ రెండు క్రియల గురించి. ‘ఏం పెడుతున్నారు’ అన్నదానికి కర్త తల్లి. ‘ఏం తింటాడు’ అన్నదానికి కర్త బిడ్డ. ఎనభై ఏళ్లుగా ఆటిజం గురించి వచ్చిన రాతల్లో మొదటి ప్రశ్నే ఎక్కువగా ఎందుకు వినిపించిందో, రెండో ప్రశ్న ఎలా మరుగున పడిందో పరిశీలించాలని నా ప్రయత్నం. నేను వైద్యురాలిని కాను. పాఠ్యాన్ని చదవడం మాత్రమే నాకు తెలిసిన పని. కానీ ఈ పాఠ్యాలు మా వాడి కాలు దాకా వచ్చాయి కాబట్టి వాటిని చదివే హక్కు నాకుందనుకుంటాను.

*

ముందుగా నా ఇంట్లోని పాఠ్యం. వాడు నడవడం మానేయడానికి అయిదారు నెలల ముందు ఒక థెరపీ కేంద్రంలో నాకొక డైట్ షీటు ఇచ్చారు. ఒకే పేజీ. ‘పాలు, పెరుగు పూర్తిగా మానిపించండి. గోధుమ, బార్లీ ఉన్నవేవీ పెట్టకండి. రోజుకి అయిదు రంగుల కూరగాయలు, పండ్లు తినిపించండి. ఓపిగ్గా ఉండండి.’ ఎక్కడా ‘తల్లి’ అన్న మాట లేదు. తెలుగులో ‘పెట్టండి’, ‘మానిపించండి’ అన్న క్రియలకు లింగభేదం లేదు. అయినా ఆ కాగితం ఇచ్చినావిడ దాన్ని తండ్రి చేతిలో పెట్టలేదు. నా చేతిలో పెట్టింది. వ్యాకరణం చెప్పని కర్తను సమాజం చెబుతుంది.

అప్పటికి మా వాడు తినేవి నాలుగు. ఇడ్లీ, అన్నం, ఒకే రకం బిస్కెట్లు, ఒక పొడి కలిపిన పాలు. బిస్కెట్లలో గోధుమ ఉంది. పొడిలో బార్లీ ఉంది. డైట్ షీటు ప్రకారం రెండూ మానిపించాను. పన్నెండు రోజులు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. కానీ ఓపిగ్గా ఉన్నాను. ఉండమన్నారు కదా. ఆ పొడి డబ్బా మీద చిన్న అక్షరాల్లో విటమిన్ల పట్టిక ఉందనీ, అందులో విటమిన్ సి కూడా ఉందనీ, వాడి ఒంట్లోకి అది చేరే ఒకే ఒక్క దారి ఆ గ్లాసేననీ తర్వాత తెలిసింది. తీసేయమన్నవి తీసేయగలిగాను. చేర్చమన్న అయిదు రంగులూ పళ్లెంలోనే ఉండిపోయాయి.

నా పరిశోధన తెలుగు రచయిత్రుల కథల్లో మాతృత్వం మీద. మాతృత్వం ఒక అనుభవమూ, ఒక వ్యవస్థ కూడా అని ఏడ్రియన్ రిచ్ 1976లో చేసిన విభజనను నా సిద్ధాంత గ్రంథంలో మొదటి అధ్యాయంలోనే వివరించాను. అలాంటి నేను ఆ కాగితాన్ని ఎందుకు ప్రశ్నించలేదు? ఈ మాట నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. నాకు దొరికిన జవాబు ఇది. ఆ కాగితం నన్ను నిందించలేదు. నాకు శక్తి ఉందని చెప్పింది. నువ్వు గట్టిగా పట్టుబడితే నీ బిడ్డ మారతాడంది. నిందలు విని విని ఉన్న తల్లికి అంతకంటే పెద్ద ఆశ లేదు. నిందా, ఆశా ఒకే వాక్యానికి రెండు ముఖాలని అప్పుడు నాకు తట్టలేదు. బిడ్డ బాగుపడటం తల్లి చేతిలో ఉందంటే, బాగుపడకపోవడం కూడా తల్లి చేతిలోనే ఉందని అర్థం.

*

ఆటిజం మీద మొదటి ప్రసిద్ధ వ్యాసం 1943లో వచ్చింది. బాల్టిమోర్‌లో పనిచేసిన పిల్లల మనోవైద్యుడు లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి రాశాడు. ఎనిమిది మంది అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు. ఆ వ్యాసాన్ని ఇవాళ మళ్లీ చదివితే తిండి ప్రస్తావన కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పదకొండు మందిలో ఆరుగురికి పసితనం నుంచే తినడంలో తీవ్రమైన ఇబ్బంది ఉందని కానర్ నమోదు చేశాడు. దాన్ని చాలా సున్నితంగా వ్యాఖ్యానించాడు కూడా. బయటి ప్రపంచం నుంచి బిడ్డ మీదికి వచ్చే మొట్టమొదటి చొరబాటు ఆహారమేనని అతని భావం. అంటే బిడ్డ వైపు నుంచి చూశాడు. తినకపోవడాన్ని బిడ్డ చేస్తున్న ఒక పనిగా చూశాడు. మొదటి బాలుడు డోనాల్డ్ తిండి పట్ల చూపిన నిరాసక్తత గురించి ఆ వ్యాసంలో ఉన్న సమాచారం, అతని తండ్రి కానర్‌కి రాసిన 33 పేజీల ఉత్తరం నుంచి వచ్చింది. ఆ రోజుల్లో ఒక తండ్రి కూర్చుని బిడ్డ ఏం తింటున్నాడో రాశాడన్నమాట.

కానీ అదే వ్యాసం చివర్లో ఇంకో పరిశీలన ఉంది. ఈ పిల్లల తల్లిదండ్రుల్లో మనసున వెచ్చదనం ఉన్నవాళ్లు బహు తక్కువని. ఈ స్థితి పుట్టుకతోనే ఉన్నదని కానర్ ముగింపులో స్పష్టంగా చెప్పినా, లోకం పట్టుకున్నది వెచ్చదనం లేదన్న మాటనే. 1949 నాటికి కానర్ తానే ఆ మాటను బిగించాడు. ఈ పిల్లలను మంచు కరగని రిఫ్రిజిరేటర్లలో పొందిగ్గా ఉంచేశారని రాశాడు. ‘ఫ్రిజ్ తల్లి’ అన్న అపవాదు అక్కడి నుంచి పుట్టింది. తిండి దాచే పెట్టెను తల్లికి ఉపమానం చేయడాన్ని మనం గమనించాలి. తిండిని బిడ్డ వైపు నుంచి చదివిన కలమే, ఆరేళ్లు తిరిగేసరికి తల్లిని వంటింటి వస్తువుగా మార్చింది.

1967లో రెండు పుస్తకాలొచ్చాయి. ఒకటి బ్రూనో బెటల్‌హైమ్ రాసిన ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’, ఖాళీ కోట. నాజీల నిర్బంధ శిబిరాల్లో ఖైదీగా ఉన్న బెటల్‌హైమ్ ఆటిజం ఉన్న బిడ్డను అలాంటి ఖైదీతో పోల్చాడు. ఆ పోలికలో తల్లిదండ్రుల స్థానం ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. రెండోది క్లారా క్లెయిబోర్న్ పార్క్ రాసిన ‘ది సీజ్’, ముట్టడి. ఆమె సాహిత్యం చదువుకున్న మనిషి, ఇంగ్లీషు పాఠాలు చెప్పేది. తన కూతురి మొదటి ఎనిమిదేళ్ల గురించి రాసింది. రెండు శీర్షికల్లోనూ కోట ఉంది. తేడా ఎక్కడంటే, బెటల్‌హైమ్ కోట బయట నిలబడి లోపల ఎవరూ లేరన్నాడు. పార్క్ లోపల ఒక మనిషి ఉందని నమ్మి బయట గుడారం వేసుకుంది. తల్లిని ముద్దాయిగా నిలబెట్టిన కాలంలో ఒక తల్లి సాక్షిగా మాట్లాడిన పుస్తకమది. మన సాహిత్య విద్యార్థులు చదవాల్సిన ఆత్మకథాత్మక రచనల్లో దాన్ని ఎందుకు చేర్చుకోలేదో నాకు అర్థం కాదు. వ్యాధి పుస్తకాల అరలో పెట్టేశాం కాబట్టి కాబోలు.

తల్లుల మీది నేరాన్ని శాస్త్రపరంగా కొట్టివేసిన పుస్తకం 1964లోనే వచ్చింది. రాసినవాడు బెర్నార్డ్ రిమ్లండ్, ఆటిజం ఉన్న ఒక అబ్బాయి తండ్రి, మనస్తత్వ శాస్త్రవేత్త. దానికి ముందుమాట రాసింది కానరే. 1969లో కానర్ తల్లిదండ్రుల సభలో నిలబడి వాళ్లు నిర్దోషులని బహిరంగంగా ప్రకటించాడు. ఇక్కడితో కథ సుఖాంతం కావాలి. కానీ ఆ రిమ్లండే తర్వాత విటమిన్ల వైపు తిరిగాడు. భారీ మోతాదుల్లో బి6, దానితో మెగ్నీషియం ఇస్తే పిల్లలు మెరుగవుతారని వాదించాడు. 2005లో కొక్రేన్ సమీక్ష ఆ చికిత్సను సిఫారసు చేయడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. బి6 మోతాదు మితిమీరితే నరాలు దెబ్బతింటాయని వైద్యులు 1983లోనే నివేదించారు. రిమ్లండ్ ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. మొదటిసారిగా తల్లుల పక్షాన నిలబడ్డ మనిషి అతను. కానీ జరిగిందేమిటి? బోను దిగిన తల్లి చేతిలో మందు సీసా పెట్టారు. నేరం పోయింది, చాకిరీ మిగిలింది.

*

తర్వాతి అధ్యాయం పాలూ గోధుమలది. వీటిలోని మాంసకృత్తులు సరిగా అరగక, నల్లమందు లాంటి ముక్కలుగా మారి మెదడుకి చేరతాయన్నది ఊహ. నల్లమందు పోలికను 1979లో జాక్ పాంక్‌సెప్ తెచ్చాడు. దాన్ని ఇంటింటికీ చేర్చినవి మాత్రం తల్లులు రాసిన పుస్తకాలు. 2000లో కారిన్ సెరూసీ, 2007లో నటి జెన్నీ మెకార్తీ. 2008లో కొక్రేన్ సమీక్ష ఈ పథ్యానికి ఆధారాలు బలహీనంగా ఉన్నాయని చెప్పింది. అదే ఏడాది ఇంకో అధ్యయనం, ఆటిజం ఉన్న మగపిల్లల ఎముకలు పలచబడ్డాయనీ, పాలు మానిపించినవాళ్లలో అది మరీ ఎక్కువనీ చూపించింది. అయినా ఆ పథ్యం అమీర్‌పేట సందుల్లోకి వచ్చింది, గుంటూరు వచ్చింది, విశాఖ వచ్చింది, మా ఇంటికొచ్చింది.

ఆధారం లేని పద్ధతి ఇంత బలంగా ఎందుకు నిలబడింది? ఈ ప్రశ్నకు వైద్యం కంటే సాహిత్యమే బాగా జవాబు చెబుతుందని నాకనిపిస్తుంది. ఆ పుస్తకాల నిర్మాణం మనకు కొత్త కాదు. అది వ్రతకథ. మొదట కష్టం. తర్వాత ఒక పెద్దమనిషి నియమం చెప్పడం. ఆమె నిష్ఠగా ఆచరించడం. ఫలితం. మధ్యలో ఎక్కడో నియమభంగం, దాంతో కీడు. మళ్లీ ఆచరించాక శుభం. సత్యనారాయణ వ్రతకథలో కళావతి భర్తను చూడాలన్న ఆత్రంలో ప్రసాదం తినకుండా పరిగెడుతుంది. ఓడ మాయమవుతుంది. తిరిగొచ్చి ప్రసాదం తిన్నాకగానీ భర్త దక్కడు. అక్కడా తిండే, ఇక్కడా తిండే. వ్రతకథలో వ్రతం ఎప్పుడూ తప్పు కాదు. ఫలించకపోతే ఆచరించిన ఆడదానిదే లోపం. థెరపీ కేంద్రంలో నేను మా వాడు మారలేదని చెప్పినప్పుడు వాళ్లు అడిగిన మొదటి మాట, ‘ఎవరైనా బిస్కెట్ పెట్టారేమో చూసుకోండమ్మా’. నేను ఇంటికొచ్చి మా అత్తయ్యను అనుమానించాను. ఆవిడ పాపం దేవుడి పటం ముందు నిలబడి పెట్టలేదని ఒట్టు వేసింది. డెబ్బై ఏళ్ల మనిషి చేత ఒట్టు వేయించాను. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లను ఒకరిమీద ఒకరికి కాపలా పెట్టగలిగిన ఏ పద్ధతినైనా ఇకమీదట నేను అనుమానంతోనే చూస్తాను.

*

మరి విటమిన్ లోపం అబద్ధమా? కాదు. ఇక్కడే స్త్రీవాదులం జాగ్రత్తగా మాట్లాడాలి. తల్లిని నిందించే భావజాలాన్ని తిప్పికొట్టే తొందరలో బిడ్డ ఒంట్లోని లోపాన్ని కూడా కొట్టిపారేస్తే ఆ బిడ్డకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. ఆటిజం ఉన్న పిల్లల్లో తిండి సమస్యలు మిగతా పిల్లల కంటే అయిదు రెట్లు ఎక్కువని, కాల్షియం, మాంసకృత్తులు తక్కువగా అందుతున్నాయని 2013లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ చెప్పింది. పండూ కూరా ముట్టని పిల్లలకు స్కర్వీ వచ్చి నడక ఆగిపోయిన ఉదంతాలు, వేయించిన బంగాళాదుంపల మీదే బతికిన పిల్లలకు విటమిన్ ఎ అందక చూపు దెబ్బతిన్న ఉదంతాలు వైద్యపత్రికల్లో ఎన్నో ఉన్నాయి. ఇనుము, విటమిన్ డి, బి12 లోపాల సంగతి సరేసరి. ఇవన్నీ పరీక్షతో తెలిసేవి, సరైన మోతాదుతో నయమయ్యేవి.

అయితే కారణ కార్య సంబంధాన్ని తలకిందులు చేయకూడదు. చాలామంది పిల్లల్లో లోపం వల్ల ఆటిజం రాలేదు. ఆటిజం ఉన్న బిడ్డకు వాసన, రుచి, మెత్తదనం, చప్పుడు మనకంటే వేరుగా తగులుతాయి. అందువల్ల తిండి ఇరుకవుతుంది. ఇరుకైన తిండి వల్ల లోపం వస్తుంది. మా వాడు జామకాయ ఎందుకు తినడో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఏ రెండు జామకాయలూ ఒక్కలా ఉండవు. ఒకటి దోర, ఒకటి పండు, ఒకటి లోపల ఎర్రన. బిస్కెట్లన్నీ ఒక్కలా ఉంటాయి. ప్రపంచంలో ఏదీ నిన్నటిలా ఉండదని భయపడే మనిషికి ఎప్పుడూ మారని ఒక బిస్కెట్ ఎంత ధైర్యమో ఆలోచించండి. అది మొండితనం కాదు. ఒక తర్కం.

విటమిన్ సి మా వాడి కాలును బాగుచేసింది. చిగుళ్లను బాగుచేసింది. వాడి ఆటిజాన్ని మార్చలేదు. ఈ రెండు వాక్యాలనూ విడివిడిగా పలకడం నేర్చుకోవడానికే నాకు ఏడాది పట్టింది. లోపాన్ని సరిచేయడం బిడ్డ ఆరోగ్య హక్కు. దాన్ని ‘మామూలు పిల్లాడిగా’ మార్చే మంత్రంగా అమ్మడం వేరే వ్యాపారం. ఆటిజం ఉన్న జిమ్ సింక్లెయిర్ 1993లోనే తల్లిదండ్రులనుద్దేశించి మా కోసం దుఃఖించకండని రాశాడు. లేని బిడ్డ కోసం ఏడుస్తూ ఉన్న బిడ్డను చూడకుండా పోతున్నారన్నది అతని ఫిర్యాదు. డైట్ షీట్లన్నీ ఆ లేని బిడ్డకే వండి పెడతాయి.

*

పోషకాహార లోపం మన దేశంలో కొత్త విషయం కాదు. ఇవాళ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాదుకొచ్చింది. లోపాలకు మూలం పేదరికమని ఇక్కడి పరిశోధనలు ఎన్నోసార్లు చూపించాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత. తిననివాడి నోట్లో ముద్ద పెట్టడానికి రోజుకి మూడు పూటలా గంటేసి కూర్చునే చేతుల్లో సగానికి పైగా రక్తం చాలని చేతులన్నమాట. ఆ చేతులను ఎవరూ ‘మీరేం తింటున్నారు’ అని అడగరు.

థెరపీ కేంద్రం బెంచీ మీద నాకు పరిచయమైన ఒకామె సంగారెడ్డి వైపు నుంచి బస్సులో వచ్చేది. కూలిపని. కూతురికి నాలుగేళ్లు. ఆ పిల్ల పది రూపాయల కుర్‌కురే పొట్లం తప్ప ఏదీ ముట్టదు. అంగన్‌వాడీలో గుడ్డు ఇస్తారు. వాసనకే వాంతి చేసుకుంటుంది. ‘రిజిస్టర్ల గుడ్డు ఇచ్చినట్టే ఉంటదక్కా. ఇచ్చిన్రు గూడ. పిల్ల తినకపాయె’ అంది. ఆ మాట విన్నాక నా డైట్ షీటూ, ఆ రిజిస్టరూ ఒకే జాతి పాఠ్యాలని అర్థమైంది. రెండూ ‘పెట్టడాన్ని’ నమోదు చేస్తాయి. ‘తినడానికి’ గడి లేదు. తేడా వర్గానిది. ఆమెతో ‘మీకు అవగాహన లేదమ్మా’ అన్నారు. నాతో ‘ఇంత చదువుకుని కూడా శ్రద్ధ పెట్టలేదా’ అన్నారు. పేద తల్లికి తెలియదు, మధ్యతరగతి తల్లికి పట్టదు. ఎటు తిరిగినా తల్లే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. కానీ ఆ హక్కు అంగన్‌వాడీ పళ్లెం దాకా రావాలంటే, గుడ్డు తినలేని బిడ్డకు బదులుగా ఏమివ్వాలో చెప్పే మనిషి అక్కడ ఉండాలి.

ఇదంతా పాత కథ అనుకునేవాళ్లకు ఒక తేదీ గుర్తుచేస్తాను. 2025 సెప్టెంబరు 22. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ శ్వేతసౌధంలో ఆటిజం మీద విలేకరుల సమావేశం పెట్టాడు. గర్భిణులు పారాసిటమాల్ వేసుకోవద్దని, ఓర్చుకోమని చెప్పాడు. అదే సమావేశంలో ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన ల్యూకోవోరిన్ అనే మందును ఆశాకిరణంగా ప్రకటించారు. అది కూడా బి విటమిన్ కుటుంబానిదే, దాని మీద జరిగినవి చిన్న ప్రయోగాలే. 2024లో స్వీడన్‌లో దాదాపు 25 లక్షల మంది పిల్లల వివరాలు పరిశీలించి, తోబుట్టువులతో పోల్చి చూసినప్పుడు పారాసిటమాల్‌కీ ఆటిజానికీ సంబంధం కనబడలేదని తేల్చిన అధ్యయనం అప్పటికే ఉంది. గంట సేపటి సమావేశంలో పాత కథలోని రెండు పాత్రలూ వచ్చేశాయి. తప్పు చేసిన తల్లి, తప్పు దిద్దే విటమిన్. జ్వరమొస్తే ఓర్చుకోవాల్సింది ఆమే, బిళ్ల మింగించాల్సిందీ ఆమే. శీతల హృదయం అన్నచోట మందు బిళ్ల అని మార్చారు. వాక్యం మాత్రం 1949 నాటిదే.

*

చివరగా మన గురించి. తెలుగు స్త్రీవాద సాహిత్యం వంటింటిని నిలదీసింది. విమల ‘వంటిల్లు’ చదివి నా తరం ఆడపిల్లలు ఎంత బలం పొందారో చెప్పలేను. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఇల్లలుకుతూ తన పేరే మర్చిపోతుంది. ఆసుపత్రి వరండాలో ‘బాబు మదర్ ఎవరండీ’ అని పిలిచినప్పుడల్లా నాకా కథ గుర్తొచ్చేది. కానీ మా వాడి కోసం తెల్లవారుజామున లేచి, ఒకే మందం, ఒకే తెలుపు వచ్చేలా ఇడ్లీ పిండి రుబ్బుకునేటప్పుడు నన్ను నేను చూసుకోవడానికి మన సాహిత్యంలో నాకు అద్దం దొరకలేదు. పెట్టడాన్ని బరువుగా చూడటం మనకు తెలుసు. పెట్టాలని ఉండి, పెట్టినా తినని బిడ్డ ముందు కూర్చున్న మనిషిని ఏమనాలో తెలియదు. చందమామను చూపిస్తూ గోరుముద్దలు తినిపించే అమ్మ మన సంస్కృతిలో చెక్కుచెదరని బొమ్మ. చూపుడువేలు వెంట చూపు తిప్పని పిల్లలుంటారనీ, ఆటిజం కోసం పసిపిల్లలను పరీక్షించే ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న అదేననీ ఆ బొమ్మ గీసినవాళ్లకు తెలియదు. అలాంటి బిడ్డ తల్లికి ఆ బొమ్మ ఒక రోజువారీ అవమానం. మాతృత్వాన్ని మహిమగా చూడటాన్ని మనం తిరస్కరించాం, మంచిదే. కానీ వైకల్యం ఉన్న బిడ్డ ఆ చర్చలో తల్లి భారంగా తప్ప తనంతట తానుగా కనిపించలేదు. నా సిద్ధాంత గ్రంథంలో కూడా కనిపించలేదు. ఇది ముందుగా నా మీద నేను చేసుకుంటున్న విమర్శ.

‘అడగందే అమ్మయినా పెట్టదు’ అంటారు. అడగడానికి మాట లేని బిడ్డను ఆ సామెత ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు మా వాడు పాలలో పొడి మళ్లీ తాగుతున్నాడు. బిస్కెట్లు తింటున్నాడు. విటమిన్ సి నారింజ రంగు చప్పరించే బిళ్లగా వెళుతోంది. అన్ని బిళ్లలూ ఒక్కలా ఉంటాయి కాబట్టి దానితో పేచీ లేదు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష. పరీక్షకు వాణ్ణి తీసుకెళ్లడం, ఏం తిన్నాడో నోటు పుస్తకంలో రాయడం తండ్రి పని. మొదట్లో అతను కూడా ‘ఇవాళ పెట్టినవి’ అనే శీర్షిక కింద రాసేవాడు. కొట్టేసి ‘తిన్నవి’ అని మార్చాను. పేజీ చాలా చిన్నదైంది. చూడటానికి భయంగానే ఉంది. కానీ డాక్టరుకి పనికొచ్చేది ఆ చిన్న పేజీయే.

గత నెల ఒక కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఫైలు తిరగేస్తూ, తల ఎత్తకుండా, ‘ఏం పెడుతున్నారమ్మా’ అన్నారు. నేను మాట్లాడలేదు. నా సహచరుడు నోటు పుస్తకం తీసి ఆయన ముందు పెట్టాడు.